అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ

మే నెల రాత్రి. ఫోన్‌లో దోస్త్ తెరిచి బేటీ డిగ్రీ కోసం వెబ్ ఆప్షన్లు పెడుతున్నాను. దోస్త్ అంటే మనం చాయ్ తాగే దోస్త్ కాదు. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీటు కావాలంటే తొక్కాల్సిన సర్కారీ గడప అది. రెండు వందలు కడితే గానీ ఈ దోస్త్ పలకడు.

మొదటి ఆప్షన్‌గా ఉప్పల్ వైపు ఓ కాలేజీ నొక్కాను. మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. కింద బట్టల దుకాణం, పైన మూడంతస్తుల్లో కాలేజీ. బీకాం బాగా చెప్తారని, చదువు కాగానే నౌకరీలు చూపిస్తారని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. బేటీ పక్కన కూర్చుని స్క్రీన్‌లోకి తొంగి చూసింది.

"అబ్బూ, అక్కడ నెట్ ఉందా?"

"ఎందుకుండదు బేటా? వైఫై ఫ్రీ అని బోర్డు మీదనే రాసిండ్రు."

"ఆ నెట్ కాదు అబ్బూ."

నా వేలు ఆగిపోయింది. ఎనిమిదో తరగతి నుంచి ఆమె వాలీబాల్ ఆడుతోంది. సెట్టర్. బంతి ఆమె వేళ్ల మీద వాలిందో లేదో మనకు తెలిసేలోపే లేచిపోతుంది. ఇంటర్ రెండేళ్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా చదువుల జైల్లో ఉండి కూడా, ఆదివారం మా గల్లీ చివర ఖాళీ ప్లాటులో ఆడుతూనే ఉంది. ఆ ప్లాటులో ఇప్పుడు పిల్లర్లు లేచాయి. ఇవన్నీ తెలిసిన తండ్రిని నేను. అయినా కాలేజీ ఎంచేటప్పుడు ఫీజు చూశాను, కోర్సు చూశాను, బస్సు చూశాను. మైదాన్ చూడలేదు. చూడాలన్న ఖయాల్ కూడా రాలేదు.

ఆ రాత్రి నాకు మా ఆపా గుర్తొచ్చింది.

ఆపా నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే ఉర్దూ మీడియం సర్కారీ స్కూల్లో చదివాం. స్కూలు వెనక రెండు వేప చెట్ల మధ్య నెట్ కట్టేవాళ్లు. అది చినిగితే నులక తాడు అల్లేవాళ్లు. ఆపా దుపట్టాను నడుముకు అడ్డంగా బిగించి సర్వీస్ చేస్తే అవతల మగపిల్లలు కూడా చేతులు చాపడానికి జంకేవాళ్లు. అప్పట్లో సెట్టర్ అనే మాట మాకు తెలియదు, లిఫ్టర్ అనేవాళ్లం. ఆపా లిఫ్టరూ ఆమే, షూటరూ ఆమే. జోనల్ పోటీలకు వెళ్లి స్టీలు గ్లాసు గెలుచుకొచ్చింది. ఆ గ్లాసుతో మా అబ్బా చాలా ఏళ్లు నీళ్లు తాగాడు.

అబ్బా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిట్టర్. సఖ్తీ మనిషి కాదు. ఆపా పదో తరగతి పాసైనప్పుడు మిఠాయి పంచాడు. ఇంటర్‌కు ఆమెను ఇంటికి దగ్గర్లోని ఆడపిల్లల కాలేజీలో చేర్పించాడు. మంచి కాలేజీ, లెక్చరర్లంతా ఆడవాళ్లే, బస్సు మారే పని లేదు. ఆ కాలేజీకి మైదాన్ లేదు. అంతే. మా ఇంట్లో ఎవరూ ఆపాను ఆట మానెయ్ అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు, పర్దా పేరు ఎత్తలేదు. కాలేజీ చూశారు, ఆట దానంతటదే పోయింది.

ముప్పై ఏళ్లుగా నేను ఈ ఖిస్సాను ఆపాయే ఆట వదిలేసింది అని చెప్పుకుంటూ వచ్చాను. జర్నలిస్టును కదా, వాక్యం ఎలా రాస్తే ఎవరి మీద భారం పడుతుందో నాకు తెలియాలి. ఆపా ఆటను వదల్లేదు. మేం ఎంచిన కాలేజీ ఆమె చేతుల్లోంచి బంతిని తీసేసింది.

నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మన ఇళ్లలో ఆడే బేటీలకు ఆటను మనం మనా చేయం. మైదాన్ లేని కాలేజీలో చేర్పిస్తాం. మనా చేస్తే కనీసం పిల్ల ఝగడా పడుతుంది, ఫుప్పూనో నానీనో వకాల్తా పుచ్చుకుంటారు. కాలేజీ అడ్మిషన్ మీద ఎవరు ఝగడా పడతారు?

డిగ్రీలో ఆడకపోతే ఏమవుతుంది, తర్వాత ఎక్కడైనా ఆడుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఆడలేరు. మగపిల్లలకు వేరే తోవలున్నాయి. 2022లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదలైంది. మన ఊరి పేరుతో హైదరాబాద్ బ్లాక్ హాక్స్ అనే టీం కూడా ఉంది. లైట్లు, టీవీ, వేలంపాట అన్నీ ఉన్నాయి. కానీ అది మర్దానా లీగ్. ఆడపిల్లకు ఉన్న నిచ్చెన ఒక్కటే. స్కూలు, కాలేజీ, యూనివర్సిటీ టీం, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఓ నౌకరీ. కాలేజీ అనే మెట్టు విరిగితే పైమెట్టు అందదు.

నౌకరీ మాట తేలిగ్గా అనడం లేదు. ఆడవాళ్ల సీనియర్ నేషనల్స్ ఫైనల్ అంటే ఏళ్లకేళ్లుగా గుర్తొచ్చే పేర్లు రెండు: రైల్వేస్, కేరళ. రైల్వే ఆడే అమ్మాయికి తన్ఖా ఇస్తుంది. కేరళలో చంగనాచేరి అసంప్షన్ కాలేజీ లాంటి మహిళా కాలేజీలు ఆటను క్లాసుతో సమానంగా చూశాయి. ఒకచోట రోటీ, ఒకచోట తాలీం. రెండూ ఉన్నచోటే ఆట నిలిచింది.

పి.వి. సింధు కథ అందరికీ జబానీ వచ్చు. ఆమె అమ్మీ కథ ఎంతమందికి తెలుసు? తల్లి విజయ జాతీయ స్థాయి వాలీబాల్ ప్లేయర్. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టు మనిషి, 2000లో అర్జున అందుకున్నాడు, రైల్వే ఉద్యోగి. సింధు మొదట రాకెట్ పట్టింది సికింద్రాబాద్‌లో రైల్వే వాళ్ల కోర్టులోనే, మహబూబ్ అలీ అనే ఉస్తాద్ దగ్గర. ఒలింపిక్ మెడల్ వెనక ఓ వాలీబాల్ ఇల్లుంది, దాని పక్కనే ఓ రైల్వే కోర్టు ఉంది. వాలీబాల్ ఆడిన ఆడపిల్ల తల్లి అయ్యాక కూడా ఆ ఆట ఇంట్లో పని చేస్తూనే ఉంటుంది.

వాలీబాల్ మన హైదరాబాద్‌కు పరాయి ఆట కూడా కాదు. మన అబ్దుల్ బాసిత్ 1989లో అర్జున అవార్డు తీసుకున్నాడు. అంతకు ఎంతో ముందే, 1973లో, మన వైపు అమ్మాయి మాలినీ రెడ్డి అదే అవార్డు అందుకుంది. బాసిత్ పేరు మా పాత బస్తీ పెద్దలు ఇప్పటికీ తలుస్తారు. మాలినీ రెడ్డి పేరు నేను ఈ వ్యాసం రాసేదాకా మా బేటీకి చెప్పలేదు. అది నా ఖసూర్.

ఇక కాగితాల సంగతి. స్పోర్ట్స్ కోటా అంటే మెడల్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టడం కాదు. దానికి ఫారాలుంటాయి. దేశం తరఫున ఆడితే ఫారం-1. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడితే ఫారం-3. స్కూల్ నేషనల్స్‌కు ఫారం-4. మా బేటీ లాంటి మామూలు ప్లేయర్‌కు అందేంత దూరంలో ఉన్నది ఫారం-3. దాని మీద యూనివర్సిటీ సంతకం ఉండాలి. అంటే ఏ కాలేజీలో చేరామో, అది ఏ యూనివర్సిటీ కిందిదో, ఆ కాలేజీ అసలు ఇంటర్ కాలేజ్ పోటీలకు టీం పంపుతుందో లేదో, అవన్నీ కలిస్తేనే ఆ కాగితం పుడుతుంది. కాలేజీ టీం పంపకపోతే ఆ పిల్ల యూనివర్సిటీ సెలక్టర్ల నజర్‌కే రాదు.

ఇక్కడ ఓ చిక్కు ఉంది. ఉస్మానియా కింద వందల కాలేజీలున్నాయి. అన్ని కాలేజీల అమ్మాయిల్లోంచి పన్నెండు మందో పద్నాలుగు మందో యూనివర్సిటీ టీంకు వెళ్తారు. ముకాబలా గట్టిది. అదే చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో చేరితే టీంలో చోటు సులువుగా దొరకొచ్చు, సౌత్ జోన్‌లో మొదటి మ్యాచ్‌కే ఇంటికి రావచ్చు కూడా. ఏది నయం? నా లెక్కలో గట్టి ముకాబలా ఉన్న చోటే నయం, ఎందుకంటే సెట్టర్‌కు మంచి షూటర్లు కావాలి. ఎంత మంచి వంటమనిషికైనా బియ్యం కావాలి కదా. మీ ఇంట్లో ఫీజు లెక్క వేరుగా ఉంటే మీ జవాబు వేరుగా ఉండొచ్చు. కానీ సవాల్ మాత్రం వేసుకోవాలి.

మరుసటి రోజు నుంచి నేనూ బేటీ స్కూటర్ మీద తిరిగాం. మాది నాచారం. మాకు ఓ సరిహద్దు ఉంది: ఇటు మల్లాపూర్, అటు ఉప్పల్ రింగ్ రోడ్, ఇంకోవైపు హబ్సిగూడ, తార్నాక. దీన్ని కిలోమీటర్లలో గీయలేదు. మగ్రిబ్‌ను బట్టి గీశాను.

మా ఇంట్లో, బహుశా మీ ఇంట్లో కూడా, అమ్మాయి మగ్రిబ్ అజాన్‌కు గడప లోపల ఉండాలన్నది రాయని ఖానూన్. ఈ ఖానూన్ మంచిదా చెడ్డదా అన్న బహస్ ఇంకోసారి చేద్దాం. ముందు దాని హిసాబ్ చూద్దాం. జూన్‌లో హైదరాబాద్‌లో పొద్దు 6:50 దాకా ఉంటుంది. నవంబర్ చివర్లో 5:40కే గుంకుతుంది. ఇంటర్ కాలేజ్ పోటీలు, యూనివర్సిటీ సెలక్షన్లు, జోన్ మ్యాచ్‌లు ఎక్కువగా ఆ చలికాలం చుట్టూనే జరుగుతాయి. అంటే ఏ నెలల్లో ఎక్కువ ప్రాక్టీస్ కావాలో ఆ నెలల్లోనే పొద్దు తక్కువ. కాలేజీ నాలుగింటికి వదిలితే, అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ గంటా నలభై నిమిషాలు. అందులోంచి ప్రయాణం తీసేయండి. అమీర్‌పేట్ అవతల కాలేజీ అయితే ప్రాక్టీస్‌కు మిగిలేది సున్నా. ఉప్పల్ నుంచి మెట్రో ఉంది, స్కైవాక్ ఉంది, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ముఫ్త్. అయినా రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో ముఫ్త్ బస్సు కూడా నిలబడే ఉంటుంది. అందుకే ఆడే అమ్మాయికి దగ్గరి కాలేజీ కావాలి. మా అబ్బా కూడా దగ్గరి కాలేజీయే చూశాడు. ఆయన దగ్గరిదనాన్ని గేటు దాకా కొలిచాడు. దాన్ని కోర్టు దాకా కొలవాలి.

దగ్గర్లో కాలేజీలు లేవని కాదు. నాచారం స్నేహపురి కాలనీలో సెయింట్ పయస్ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. ఉప్పల్‌లో లిటిల్ ఫ్లవర్ ఉంది. తార్నాకలో సాక్షాత్తూ ఉస్మానియా క్యాంపస్ ఉంది, 1918లో ఉర్దూలో పై చదువులు మొదలుపెట్టిన యూనివర్సిటీ, నాలాంటి ఉర్దూ మీడియం వాడికి దాని పేరు వింటేనే ఛాతీ కాస్త వెడల్పవుతుంది. వీటి మధ్యలో గల్లీకొకటిగా పేర్లు మారుతూ ఉండే ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి. ఏది మంచిది, ఏది కాదు అని పేర్లు పెట్టి సర్టిఫికెట్ ఇవ్వను. ఓ ఏడాది ఉన్న పీడీ మరో ఏడాది ఉండడు. ఎలా చూడాలో మాత్రం చెప్తాను. మేం వెళ్లిన మూడు చోట్లలో మాకు ఏం కనిపించిందో కూడా చెప్తాను.

మొదటి చోట బ్రోషర్‌లో వాలీబాల్ ఫోటో ఉంది. కోర్టు ఎక్కడని అడిగితే అటెండర్ చెయ్యి చూపించాడు. అక్కడ నలభై బైకులున్నాయి. రెండు ఇనుప స్తంభాలు మాత్రం నిలబడే ఉన్నాయి, ఒకదానికి సీసీ కెమెరా కట్టారు. రెండో చోట కోర్టు ఉంది, సున్నం గీతలు కూడా ఉన్నాయి. పీడీ గది తాళం మీద దుమ్ముంది. "సార్ గెస్ట్ ఫ్యాకల్టీ, టోర్నమెంట్ల టైంల వస్తడు" అన్నారు. మూడో చోటికి మేం చేరేసరికి నాలుగున్నర. తొమ్మిది మంది అమ్మాయిలు ఆడుతున్నారు. పీడీ మేడం మమ్మల్ని చూసి, మార్కుల మెమో అడగలేదు, కులం సర్టిఫికెట్ అడగలేదు. "ఏం ఆడుతవు?" అంది. "సెట్టర్ మేడం." బంతి విసిరింది. "ఇరవై సెట్ చెయ్యి, సూద్దాం."

మా బేటీ చెప్పుల మీదే ఇరవై చేసింది. పదమూడోది తప్పింది. మేడం పదమూడో దాని గురించే మాట్లాడింది, మోకాళ్లు వంగలేదని. ఆటలో ఉన్న మనిషిని అలా గుర్తుపట్టొచ్చు. బాగున్నవాటి గురించి తారీఫ్ చేయదు, తప్పిన దాని దగ్గర ఆగుతుంది.

ఆ మూడు సాయంత్రాల్లో నేను నేర్చుకున్నది ఇది. కాలేజీకి అడ్మిషన్ల కౌంటర్ తెరిచి ఉండే పదకొండింటికి పోకండి. నాలుగున్నరకు పోండి. కోర్టు పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉండాలి. చుట్టూ కనీసం మూడు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. గోడకు ఆనుకున్న కోర్టులో బంతి వెంట పరిగెత్తే పిల్ల గోడకు గుద్దుకుంటుంది. ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. టేపు తీసుకెళ్లాల్సిన పని లేదు, మీ బేటీ చెయ్యెత్తి నిలబడితే ఆమెకే తెలుస్తుంది. నేల మట్టిదా సిమెంటుదా చూడండి. సిమెంటు మీద మూడేళ్లు దూకితే మోకాళ్లు మొదట ఫిర్యాదు చేస్తాయి.

పీడీ పర్మనెంటా, గెస్టా అడగండి. టీంలో ఇప్పుడు సెట్టర్లు ఎంతమంది, వాళ్లు ఏ ఏడాదిలో ఉన్నారని అడగండి. ఇది మా బేటీ అడిగిన సవాల్, నాకు తట్టలేదు. ఆరుగురు ఆడే ఆటలో సెట్టర్ కుర్చీ సాధారణంగా ఒక్కటే. ఫస్టియర్‌లో ఓ మంచి సెట్టర్ ఉంటే మన పిల్ల రెండేళ్లు బెంచీ మీద కూర్చోవాలి. ఫైనలియర్ సెట్టర్ వెళ్లిపోతుంటే చోటు ఖాళీ అవుతుంది. పెద్ద పేరున్న టీంలో బెంచీ మీద కూర్చోవడం కంటే ఓ మాదిరి టీంలో రోజూ వంద బంతులు ముట్టుకోవడం మేలు.

హాజరు సంగతి అడగండి. 75 శాతం అటెండెన్స్ కావాలంటారు. టోర్నమెంట్‌కు వెళ్లిన రోజుల్ని హాజరుగా రాస్తారా, ఇంటర్నల్ పరీక్ష అదే రోజు వస్తే మళ్లీ పెడతారా? దీనికి ప్రిన్సిపాల్ నోటి నుంచే జవాబ్ రావాలి. చివరగా, గత ఏడాది టీంలో ఆడిన అమ్మాయిలు ఇప్పుడు ఎక్కడున్నారని అడగండి. ఆ జవాబు ఎంత తొందరగా వస్తుందో చూడండి. పిల్లల్ని గుర్తుంచుకునే కాలేజీకి పేర్లు నోటి మీదే ఉంటాయి.

లిబాస్ గురించి అడగడానికి సిగ్గుపడకండి. మా బేటీ స్కార్ఫ్ కట్టుకుంటుంది. ఫుల్ స్లీవ్స్, కింద లెగ్గింగ్స్. ఆమె ఇష్టం. మూడో చోట మేడంతో ఆ మాట నేను నీళ్లు నములుతూ ఎత్తాను. "పిన్ను పెట్టొద్దు, కట్టుడు గట్టిగ ఉండాలె, మిగతాది నాకెందుకు సార్" అంది. అర నిమిషంలో తేలిపోయింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్ట్ అమ్మాయి దోవా ఎల్ఘొబాషీ హిజాబ్‌తో బీచ్ వాలీబాల్ ఆడింది. ఇసుకలో, సముద్రం పక్కన, లోకమంతా చూస్తుండగా ఆడిందామె. ఇరాన్ అమ్మాయిలు ఇండోర్‌లో అలాగే ఆడతారు. కట్టుకునే పిల్లకు కట్టుకుని ఆడే హక్కుంది, వద్దనుకునే పిల్లకు వద్దనుకుని ఆడే హక్కుంది. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక మన వాళ్లంతా ముబారక్‌లు చెప్పారు. అంతకు ముందు షార్ట్స్ మాట ఎత్తినవాళ్లు ఆ ముబారక్‌ల వరసలోనే నిలబడ్డారు. గెలిచాక చెప్పే ముబారక్ కంటే, చేరేముందు ఇచ్చే ఇజాజత్ పెద్దది.

ఇంకో మాట. కోర్టులో నేను చూసిన దాంట్లో నన్ను ఎక్కువగా పట్టి ఆపింది సర్వీస్ కాదు, స్మాష్ కాదు. అరుపు. బంతి ఇద్దరి మధ్య పడబోతుంటే ఒకరు "నాది" అని గట్టిగా అరవాలి. అరవకపోతే ఇద్దరూ గుద్దుకుంటారు, లేదా ఇద్దరూ ఆగిపోయి బంతి నేల మీద పడుతుంది. ఆహిస్తా బోలో బేటా అని ఇంట్లో పదిహేడేళ్లుగా చెప్పిన పిల్ల, అక్కడ గొంతెత్తి "నాది" అంటోంది. ఆ మాట అనడం ఆడపిల్లకు నేర్పే చోట్లు మన దగ్గర ఎన్నున్నాయి? ఇంట్లో లేదు, ఆస్తి పంపకాల్లో అసలే లేదు.

మా ఇంటామె ఫిక్ర్ వేరు. "అంత చేసి చివరికి రైల్వేలో నౌకరీ రాకపోతే?" నిజమే. చాలామందికి రాదు. నేను ఆమెకు అబద్ధం చెప్పలేదు. వందమంది ఆడితే ఒకరిద్దరు ఆ గడప దాటుతారేమో. కానీ బీకాం చదివిన వందమందిలో ఎంతమందికి బీకాం నౌకరీ వస్తోంది? చదువు విషయంలో ఈ సవాల్ మనం వేయం. నౌకరీ రాకపోయినా చదువు వృథా కాదంటాం. ఆటకు మాత్రం మొదటి రోజే రసీదు అడుగుతాం.

జపాన్ ముచ్చట ఒకటి చెప్పి ఊరుకుంటాను. ఆడవాళ్ల వాలీబాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964 టోక్యోలో. సోవియట్ జట్టును ఓడించి బంగారం గెలిచిన జపాన్ జట్టులో ఎక్కువమంది నిచిబో అనే బట్టల మిల్లు టీం అమ్మాయిలు. పగలు మిల్లు ఆఫీసులో పని, సాయంత్రం నుంచి ప్రాక్టీస్. వాళ్ల కోచ్ సఖ్తీ గురించి కూడా లోకం చెప్పుకుంది, దాన్ని నేను మెచ్చుకోను. నేను చూసేది ఒక్కటే: ఆ మిల్లు లోపల ఓ కోర్టు ఉంది. నాచారంలో మా అబ్బా ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ గేట్ల మధ్య నడిచాడు. ఆ గేట్లలో ఒక్కదాని లోపల ఆడపిల్లల కోసం ఓ నెట్ కట్టి ఉంటే ఆపా ఖిస్సా ఇంకోలా ఉండేది.

ఇప్పుడూ మన ఇలాఖాలో మైదాన్ లేదని ఎవరూ అనలేరు. 2005లో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిన క్రికెట్ స్టేడియం ఉప్పల్‌లోనే ఉంది. ఐపీఎల్ రోజున వేల మంది నారింజ రంగు చొక్కాలతో మా వీధుల మీదుగా నడుస్తారు. దాని లైట్లు మా మిద్దె మీదికి కనిపిస్తాయి. అదే రాత్రి ఉప్పల్‌లో ఎన్ని డిగ్రీ కాలేజీల కోర్టుల మీద ఒక్క బల్బయినా వెలుగుతోంది? రెండు స్తంభాలకు నాలుగు ఎల్ఈడీ లైట్లు పెడితే నవంబర్‌లో గంటసేపు పొద్దు పెరుగుతుంది. గేటు దగ్గర ఓ ఆయాను ఏడింటి దాకా ఉంచి, టీం అమ్మాయిలను ఆటోలో దింపే బందోబస్తు చేస్తే మగ్రిబ్ ఖానూన్ ఉన్న ఇళ్లు కూడా మెత్తబడతాయి. యూనివర్సిటీ వాళ్లకు నా దర్ఖాస్తు ఒక్కటే. కాలేజీల తనిఖీకి వచ్చేటప్పుడు ఫైల్లో మైదాన్ ఫోటో చూసి సంతకం పెట్టకండి. మీరు కూడా నాలుగున్నరకు రండి.

ఆఖరు తారీఖు ముందు రోజు ఆపా మా ఇంటికి వచ్చింది. బేటీ అన్నీ చెప్పింది, పదమూడో బంతితో సహా. ఆపా విని, "ఆ మేడం దగ్గర్కే పంపించు" అంది. నేను ఫీజు, కోర్సు మాటలేవో మొదలుపెట్టాను. మూడో చోట మాకు కావాల్సిన బీకాం కంప్యూటర్స్ లేదు, మామూలు బీకాం ఉంది. ప్లేస్‌మెంట్ల బోర్డు కూడా లేదు. ఆపా నన్ను చూసి, "మన అబ్బా కూడా ఇదే హిసాబ్ చేసిండు తమ్మీ" అంది. కోపంగా అనలేదు. ఆమె ఆ స్టీలు గ్లాసు ఏమైందని కూడా అడిగింది. నా దగ్గర జవాబ్ లేదు.

ఫోన్ బేటీ చేతికిచ్చాను. మొదటి ఆప్షన్ ఆమే మార్చింది. కంప్యూటర్ కోర్సు సెలవుల్లో వేరే నేర్చుకుంటానని వాళ్ల అమ్మీకి వాదా చేసింది. అమ్మీ ఇంకా పూర్తిగా రాజీ పడలేదు, పడుతుందని ఉమ్మీద్.

కాలేజీ మూడున్నరకు వదులుతుంది. కోర్టు గేటు నుంచి యాభై అడుగులు. ఇంటికి పదిహేను నిమిషాల నడక. నవంబర్ చివర్లో మగ్రిబ్ 5:40కి. గంటన్నరకు పైగా ఆట మిగులుతుంది. నేను రెండుసార్లు లెక్క వేసుకున్నాను, సరిపోయింది.